సర్జరీ అన్న మాట

పోయినవారం అలివేలుమంగను మనం ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో, వాళ్ళ ఫ్లాట్ వంటింట్లో, చెవి దగ్గర ఫోనుతో వదిలేసి వచ్చాం. పొయ్యి మీద పప్పు పొంగిపోతున్నా ఆమెకు పట్టలేదు. ప్రొద్దుటూరు నుంచి ఆడబిడ్డ కనకదుర్గ ఫోను చేసి, వానలు లేవని, మిరపకాయలు మండిపోతున్నాయని ఊరి కబుర్లన్నీ చెప్పి, ఇక పెట్టేయబోతూ ఒక సలహా ఇచ్చింది.

"ఆపరేషనయిన కడుపు మంగా. చలిదేశం. నడుముకు గుడ్డ గట్టిగా చుట్టుకో, బరువులెత్తద్దు. గర్భసంచి తీసేస్తే మాత్రం ఆడమనిషి కాకుండా పోతాదా ఏంది. నువ్వేం బాధపడద్దు."

అలివేలుకు ఏ ఆపరేషనూ జరగలేదు. ఆమె ఒంటి మీద కత్తిగాటు ఏదైనా ఉందంటే అది వంకాయలు తరిగేటప్పుడు బొటనవేలికి తెగినదే.

ఈ వారమే కథలోకి వస్తున్నవాళ్ళకు ఇంకో నాలుగు ముక్కలు చెబితే చాలు. ఇది 2016, మార్చి నెల. అలివేలు భర్త విజయభాస్కర్ ఇక్కడి ఇన్సూరెన్స్ కంపెనీ ఒకదాంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పెళ్ళయి ఆరేళ్ళయింది, ఈ దేశం వచ్చి నాలుగేళ్ళయింది, పిల్లలు లేరు. అలివేలు తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదువుకుంది. ఇంగ్లీషు కాగితం మీద ఉంటే చదివి అర్థం చేసుకుంటుంది, ఇక్కడివాళ్ళ నోట్లో ఉంటే మాత్రం సగం గాలికి పోతుంది. అందుకని డాక్టరు దగ్గర ఆమె చెవులూ నోరూ రెండూ భర్తే. ఏడాదిగా ఆ చెవులతోనే వింటోంది.

ఫోను పెట్టేశాక ఆమె చాలాసేపు తికమక పడింది. వదిన ఇంకెవరి సంగతో తనదనుకుందేమో అనుకుంది. పప్పుగిన్నె అడుగంటింది. దాన్ని నీళ్ళలో నానబెట్టి, పీచుతో తోముతూ ఉండగా సంగతి బోధపడింది. సర్జరీ అన్న మాట చేసిన పని అది.

ఈ దేశంలో మామూలు డాక్టరు కూర్చునే చోటును సర్జరీ అంటారు. జలుబు చేసినా సర్జరీకే, బీపీ చూపించుకోవాలన్నా సర్జరీకే. అలివేలు వాళ్ళ సర్జరీ చిప్స్ కొట్టు పక్కన ఎర్ర ఇటుకల ఇల్లు. లోపల కార్పెట్టు, పిల్లలు ఆడుకునే చెక్క రైలు, పాత పత్రికలు. అక్కడ ఇంతవరకూ ఒక మనిషి గోరు కూడా కోసి ఉండరు. కొత్తగా వచ్చినప్పుడు "రేపు మనం సర్జరీలో రిజిస్టర్ చేసుకోవల్ల" అని భర్త అంటే తనే గుండెలు బాదుకుంది. అప్పుడు ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. నాలుగేళ్ళలో ఆ మాట ఎంత అలవాటైపోయిందంటే, వినేవాళ్ళకు అది కత్తులూ కుట్లూ అని గుర్తే లేకుండా పోయింది.

విజయభాస్కర్ ప్రతి శనివారం అమ్మకు ఫోను చేస్తాడు. ఆ ఫోన్లలో "మంగను సర్జరీకి తీస్కపోవల్లమ్మా" అని ఒకసారి, "సర్జరీకి పోయొచ్చినాం" అని ఒకసారి, "ఇంకోసారి రమ్మన్యారు" అని ఒకసారి అన్నాడు. అటువైపు ఓబులమ్మగారు. ఆమె వినికిడి బ్రహ్మాండం, ఊహ అంతకంటే బ్రహ్మాండం. కోడలికి పిల్లల్లేరు, కోడలిని సర్జరీకి తీసుకుపోయారు, కాబట్టి కోసింది ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. మొదటిసారి గడ్డ తీశారు. రెండోసారి రమ్మన్నారంటే అది మానలేదన్నమాట. మూడోసారికి సంచినే తీసేశారు. ఇంగ్లండు డాక్టర్లు చెయ్యని ఆపరేషన్ ప్రొద్దుటూరులో, గుడివీధి అరుగుల మీద, మత్తుమందు లేకుండా జరిగిపోయింది.

ఇది అర్థమయ్యేసరికి అలివేలుకు నవ్వొచ్చింది. పీచు చేతిలో పట్టుకుని ఒక్కతే పగలబడి నవ్వింది. సాయంత్రం భర్త వచ్చేదాకా ఆ నవ్వును దాచిపెట్టుకుంది. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకు ఇలాంటివే పండుగలు. అర్థం తెలిసిన మనిషి ఇంకొకరు ఎదురుగా ఉంటే తప్ప సగం జోకులకు విలువ ఉండదు. అతను బూట్లు విప్పుతుండగానే మొదలుపెట్టి, వదిన గొంతు అనుకరిస్తూ, గుడ్డ చుట్టుకోమన్నదాకా చెప్పింది.

విజయభాస్కర్ నవ్వలేదు. అలా అని ఉలిక్కిపడనూ లేదు. "పెద్దోళ్ళు. వాళ్ళకు తోచింది అనుకుంటారు, పోనీలే" అని, లేసులు విప్పడం కూడా పూర్తిచెయ్యకుండా బూట్లు లాగిపడేసి, లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

పెళ్ళాం కడుపు కోసేశారని ఊరంతా అనుకుంటోందని తెలిసిన మగాడు కనీసం ఒక్కసారి "ఏందీ?" అనాలి. అనలేదంటే అతనికి అది కొత్త కబురు కాదు. అలివేలు ఇంగ్లీషు సగం గాలికి పోతే పోవచ్చు, మొగుడి మొహం చదవడంలో మాత్రం ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆ రాత్రి అన్నం ఆమెకు సహించలేదు. ఇంకో భయం కూడా పట్టుకుంది. కొయ్యలేదు సరే, లోపల కొయ్యవలసినది ఏమైనా ఉందేమో, డాక్టరమ్మ చెప్పినది తనకు చెప్పకుండా అమ్మకు మాత్రం చెప్పుకున్నాడేమో.

శుక్రవారం పొద్దున అతను ఆఫీసుకు వెళ్ళగానే కోటు వేసుకుని ఒక్కతే సర్జరీకి నడిచింది. ఎప్పుడూ కారులో, భర్త పక్కన కూర్చుని వెళ్ళిన దారి అది. రిసెప్షన్ గోడ మీద ఒక బోర్డు ఉంటుంది. మీ భాష ఏదో వేలు పెట్టి చూపించండి, మాట్లాడే మనిషిని ఏర్పాటు చేస్తాం అని. పంజాబీ, ఉర్దూ, పోలిష్, నేపాలీ, అన్నింటికంటే కింద తెలుగు. వచ్చిన ప్రతిసారీ ఆమె దాన్ని చూసింది. ఒకసారి భర్తకు చూపించింది కూడా. నేనుండగా బయటివాళ్ళెందుకు, మన ఇంటి సంగతులు ఎవరో వినాలా అన్నాడతను. నిజమే కదా అనుకుంది.

ఆ రోజు తెలుగు మీద వేలు పెట్టింది. కాసేపు కూర్చోబెట్టి, లోపలికి పిలిచారు. తెల్లజుట్టు డాక్టరమ్మ, అదే గది. బల్ల మీద ఫోను స్పీకరులోంచి ఒక అమ్మాయి గొంతు, చిన్న వయసే, యాస వరంగలో కరీంనగరో, "నమస్తే అక్కా, డాక్టర్ గారు చెప్పేది నేను మీకు తెలుగుల చెప్త, మీరు చెప్పేది వారికి చెప్త. ఏదీ కలపను, ఏదీ తీసెయ్యను" అంది. అది ఆ ఉద్యోగంలో అందరూ ముందుగా చెప్పే మాట అని అలివేలుకు తెలియదు. తనకోసమే చెప్పినట్టు విన్నది.

నా గర్భసంచికి ఏమైందో దాచకుండా చెప్పమని అడిగింది. అటువైపు అమ్మాయి ఆ మాటను ఇంగ్లీషులో అడిగింది. డాక్టరమ్మ అలివేలు మొహం వైపు వింతగా చూసి, కంప్యూటరు చూసి, మళ్ళీ ఆమెను చూసి మాట్లాడింది.

"ఏమీ కాలేదు అంటున్నరు అక్కా. మీ రక్తపరీక్షలు, స్కానింగు, అన్నీ మంచిగనే ఉన్నయి. మీలో ఏ లోపం లేదు. ఈ మాట పోయినేడాదే మీ ఇద్దరి ముందర చెప్పిన కదా, మర్చిపోయిన్రా అని అడుగుతున్నరు."

అలివేలు ఆ రోజును బాగానే గుర్తు తెచ్చుకోగలదు. డాక్టరమ్మ పావుగంట మాట్లాడింది. చేతులు తిప్పింది, చిరునవ్వు నవ్వింది, ఒకసారి తన భుజం మీద చెయ్యి కూడా వేసింది. అంతసేపు మాట్లాడిన ఇంగ్లీషుకు భర్త చెప్పిన తెలుగు ఒక్క ముక్క: "నీకు లోపల కొంచెం వీక్‌గా ఉందంట, టాబ్లెట్లు వాడమంటాంది." ఆ భుజం మీద చెయ్యిని జాలి అనుకుంది. శుభవార్త చెప్పేటప్పుడు కూడా మనుషులు భుజం మీద చెయ్యి వేస్తారని తోచలేదు.

మరి ఆ టాబ్లెట్లు ఎందుకిచ్చారని అడిగింది. పిల్లల కోసం చూసే ప్రతి ఆడామెకూ ఇస్తారట, పుట్టబోయే బిడ్డ మంచికోసం, జబ్బుకు మందు కాదట. ఏడాదిగా రోజూ స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మింగుతున్న మాత్రలవి. వాటి పేరు చెప్పుకునే బొప్పాయి మానేసింది, శనివారాలు ఒంటిపూట ఉంది. ఎదురు వీధి బడిలో మధ్యాహ్నం పిల్లలకు భోజనాల దగ్గర చూసుకునే పని ఇస్తామంటే, ఒంట్లో బాగాలేనిదానికి ఈ పనులెందుకని భర్త వద్దన్నాడు. అదీ మానేసింది. ఈ ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలవగలిగిన చోటు అదొక్కటే దొరికింది, దాన్నీ వదులుకుంది.

"మీ సార్ గురించి మీరు అడగకుండనే డాక్టర్ గారు చెప్తున్నరు అక్కా. వారి పరీక్షల సంగతి వారినే అడగాలట, నేను చెప్పుడు రూలుకు విరుద్ధం అంటున్నరు. ఇద్దరు కలిసి రండి, చెయ్యగలిగింది చాన ఉన్నది, ఇంత ఆలస్యం ఎందుకు చేసిన్రు అంటున్నరు. ఇంకేమన్న అడగాల్నా అక్కా?"

మొదట చెప్పిన ఆ మాట ఇంకొక్కసారి చెప్పమంది అలివేలు. ఏ మాట అని అటువైపు అమ్మాయికి వెంటనే తెలిసింది. "మీలో ఏ లోపం లేదు" అని నెమ్మదిగా, ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది. బయట పడ్డాక అలివేలు చిప్స్ కొట్టు పక్కన గోడకు ఆనుకుని ఏడ్చింది. సంతోషానికో ఉక్రోషానికో ఆమెకే తెలియలేదు. నన్నడిగితే రెండూ ఉన్నాయి, ఉక్రోషం పాలు ఎక్కువ.

ఆ సాయంత్రం ఆమె ఏమీ అనలేదు. ఎవరికైనా చెప్పుకోవడానికి ఆ ఊళ్ళో ఆమెకు ఉన్నది అతనొక్కడే కావడం వల్ల కూడా అనలేదు. ఇక్కడి కాపురాల్లో ఉన్న దరిద్రం ఇదే. మొగుడితో తగువు పడితే పుట్టింటికి పోవడానికి బస్సుండదు. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా తొంగిచూడరు. తగువు పెట్టుకోవలసినదీ అతనితోనే, తరవాత ఓదార్పు కోసం చూడవలసినదీ అతని వైపే.

శనివారం పదకొండు దాటాక, అలవాటు ప్రకారం, సరుకులకు కారులో బయలుదేరారు. బేసింగ్‌స్టోక్‌లో రౌండెబౌట్లకు కరువు లేదు. ఇంటినుంచి సూపర్‌మార్కెట్టుకు పోయేలోపు నాలుగుసార్లు గుండ్రంగా తిరగాలి. అతను పాలు, పెరుగు, కొత్తిమీర అంటూ కావలసినవి తనలో తను చెప్పుకుంటూ నడిపాడు. సన్నగా వాన పడుతోంది. పార్కింగులో కారు ఆపి అతను తలుపు తియ్యబోతుంటే అలివేలు సీటుబెల్టు విప్పకుండానే చెప్పింది.

"నిన్న సర్జరీకి పోయొచ్చినా. ఒక్కదాన్నే."

తలుపు మీద అతని చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎందుకు పోయావనీ, తనకు చెబితే సెలవు పెట్టేవాణ్ణి కదా అనీ అన్నాడు. డాక్టరమ్మ ఈసారి తనతో తెలుగులో మాట్లాడిందని ఆమె చెప్పింది. మాట్లాడిన ప్రతి ముక్కా వరసగా అప్పజెప్పింది, ఏదీ కలపలేదు, ఏదీ తీసెయ్యలేదు. వింటున్నంతసేపూ అతను వైపర్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.

మొదట కోపం తెచ్చుకున్నాడు. తన వెనకాల ఇవన్నీ చెయ్యడమేమిటన్నాడు. ఆ ఫోన్లో మాట్లాడేవాళ్ళకు మెడికల్ మాటలు తెలియవన్నాడు. పైగా తెలంగాణ పిల్ల, ఆ పిల్ల అన్నది ఒకటైతే నీకర్థమైంది ఇంకొకటి అన్నాడు.

"నాకర్థం కానిది ఆ పిల్ల తెలుగు గాదు. నీ తెలుగు" అంది అలివేలు.

ఆరేళ్ళుగా అతన్ని ఆమె మీరు అనే పిలిచింది. ఈ 'నువ్వు' ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు. ఆ మాటకు అతను మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడనంత చిన్నగా కనిపించాడు.

తరవాత చెప్పాడు. అడిగినవాటికీ అడగనివాటికీ కలిపి, తడబడుతూ, వెనకదీ ముందుదీ కలగలిపేసి చెప్పాడు. లోపం తనలోనే ఉంది. డాక్టరమ్మ రాసిస్తే ఊళ్ళోని పెద్దాసుపత్రికి వెళ్ళి పరీక్ష ఇచ్చాడు, రెండోసారి కూడా అదే వచ్చింది. ఏం భయం లేదు, దారులున్నాయి, ఆసుపత్రికి రాస్తాను, ఇద్దరూ కలిసి రండి అని ఆవిడ చెబితే సరేనని వచ్చేసి, మళ్ళీ పోలేదు. రెండుసార్లు అటునుంచి ఫోను కూడా వచ్చింది, తియ్యలేదు. ఇంతా అయి ఏడాది. అలివేలుకు ముప్పై రెండో ఏడు నడుస్తోంది.

"చెప్పల్లనే అనుకున్యా మంగా. ప్రతివారం అనుకున్యా. నాలో ఉందని తెలిస్తే అమ్మ తట్టుకోలేదు. ప్రాణం పోతాది ఆయమ్మకు."

"నాలో ఉందంటే మా అమ్మ బతుకుతాదా?"

కొడుకును కన్న అమ్మలకు ఒక గుండె, కూతుర్ని కన్న అమ్మలకు ఇంకో గుండె ఉంటుందని మన మగవాళ్ళలో చాలామంది నిజంగానే నమ్ముతారు. చెడ్డవాళ్ళు కూడా కాదు. విజయభాస్కర్ చెడ్డవాడైతే ఈ సీరియల్ రాయడం నాకు చాలా సుళువయ్యేది. ఆమెకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తాడు, వంటపాత్రలు తోముతాడు, మంచుపడితే చేతులు పట్టుకుని నడిపిస్తాడు. ఇంత చేసే మనిషి ఒక్క నిజం చెప్పలేడు.

మరి ఈ ఆపరేషన్ సంగతేమిటని ఆమె అడిగింది. అది తను చెప్పలేదని ఒట్టు పెట్టుకున్నాడు. నిజంగానే చెప్పలేదు. ఎండాకాలం వెళ్ళాక ఒక శనివారం అమ్మే అడిగింది, ఆపరేషన్ బాగా జరిగిందా నాయనా అని. ముందు అతనికి అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. అర్థమయ్యాక ఒక పెద్ద బరువు ఎవరో దింపినట్టయింది. ఇంక ఎవరూ ఏమీ అడగరు, పరీక్షలూ లేవు, జవాబులూ లేవు, అంతా అయిపోయింది.

"ఊ అనినా. అంతే. అంతకంటే ఒక్క మాట అనలేదు" అన్నాడు.

ఊ అంటే చాలదూ? మన భాషలో ఊ అన్నదానికున్న శక్తి ఏ కోర్టు తీర్పుకూ లేదు. కథ చెబుతుంటే ఊ కొడతాం, అది నిజమని కాదు, వింటున్నామని. అదే ఊ ఒక ఆడదాని కడుపు గురించి అమ్మకు కొడితే, ఏడాది తిరక్కుండా ఆడబిడ్డ నడుముకు గుడ్డ చుట్టుకోమంటుంది. అబద్ధం చెప్పాడని అతన్ని పట్టుకుందామంటే చిక్కడు. చెప్పలేదుగా.

బయట ఒక కారు వచ్చి వీళ్ళ వెనక ఆగింది. వీళ్ళు వెళ్ళిపోతే ఆ చోట్లో పెట్టుకుందామని ఇండికేటరు వేసుకుని ముసలాయన ఒకడు ఓపిగ్గా చూస్తున్నాడు. విజయభాస్కర్ అద్దంలోంచి అతనికి తల అడ్డంగా ఊపాడు. ముసలాయన చెయ్యెత్తి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. పరాయివాళ్ళకు లేదని చెప్పడానికి అతనికి ఏ ఇబ్బందీ కలగలేదు.

అలివేలు మనసులో ఎన్ని మాటలు తిరుగుతున్నాయో చెప్పలేను. పోయిన ఏడాది వెనక్కి ఇవ్వమని అడగొచ్చు, ఇండియాకు టికెట్టు కొనమని అడగొచ్చు. శుక్రవారం రాత్రంతా ఇలాంటివి బోలెడు కూడగట్టుకుంది. తీరా కారులో, వానలో, తల వంచుకుని కూర్చున్న ఆ మనిషిని చూసేసరికి అన్నీ వదిలేసి ఒక్కటే అడిగింది. అంత తక్కువ అడిగినందుకు నాకు ఆమె మీద కూడా కోపమొచ్చింది, దాచుకోను.

"నీ సంగతి మీ అమ్మకు చెప్పద్దు. నీకు చెప్పబుద్ధయినప్పుడు చెప్పుకో, చెప్పకుంటే మానుకో. నేనెవరికీ చెప్పను. నా కడుపు ఎవురూ కొయ్యలేదని మాత్రం చెప్పు. సర్జరీ అంటే ఆసుపత్రి అని, నీకు అలవాటై అట్ల అన్యావని, వాళ్ళే తప్పుగా అనుకున్యారని చెప్పు. నా ముందర, ఇప్పుడే చెప్పు. నాకింకేం వద్దు."

అతను తల ఊపాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని క్షమించమన్నాడు. చెబుతానని అన్నాడు, ఇప్పుడే చెబుతానని మళ్ళీ అన్నాడు. సోమవారం పొద్దున ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోదామని కూడా అన్నాడు. ఆ మాటలు అంటున్నప్పుడు అతను అబద్ధమాడటం లేదు. అలివేలుకు అది మొహంలోనే తెలిసింది. శుక్రవారం నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది. సీటుబెల్టు విప్పుకుంది. క్షమించడం మొదలైపోయింది, ఆమెను అడక్కుండానే.

అక్కడ సాయంత్రం. ఓబులమ్మగారు కాఫీ తాగి అరుగు మీద కూర్చునే వేళ. అతను నంబరు నొక్కాడు. కారులో ఉంటే ఫోను దానంతటదే కారు స్పీకరుకు కలుస్తుంది. రింగు మోత కారంతా నిండింది. అతను ఆమె చెయ్యి వదల్లేదు. మూడో రింగుకే అటువైపు ఎత్తారు. అతను "అమ్మా, నీకొక మాట చెప్పల్ల" అన్నాడు. మాట స్పష్టంగానే వచ్చింది.

"నేనే చేద్దామనుకుంటి నాయనా, నూరేళ్ళు నీకు" అంది ఓబులమ్మగారి గొంతు, వీధిలోకి వినపడకూడదన్నట్టు తగ్గించి. "నీ మాట తర్వాత చెబుదువు. ముందు నేను చెప్పేది విను. ఆ పిల్ల తరపోళ్ళు సంబంధానికి ఒప్పుకున్యారు. అన్నీ విడమర్చి చెప్పినాం, వాళ్ళకేం అభ్యంతరం లేదంట. మంగ పక్కన లేదు గదా?"

స్పీకరులో ఊరి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి, ఎక్కడో ఆటో హారను, ఎవరో పిల్లల అరుపులు. అలివేలు చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆమె అతని మొహం వైపే చూస్తోంది. అతను కూడా ఆమె మొహంలోకే చూస్తున్నాడు, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరలో.

"లేదమ్మా, చెప్పు" అన్నాడు విజయభాస్కర్.